ఆకుపచ్చ పర్దా వెనక బీరు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం, కరీంనగర్ ఎండకు కిటికీ ఊచలు కూడా ముట్టుకోలేని వేళ, మా అన్న మనుమరాలు నా మంచం మీద అడ్డంగా పడుకుని ఫోనులో ఏదో చదువుతూ ఉన్నట్టుండి నవ్వింది. బ్యాంకులో ఉద్యోగం చేసే పిల్ల, సెలవురోజు నా దగ్గరికి వచ్చి తిని పడుకుని పోతుంది. నన్ను అమ్మమ్మా అని పిలుస్తుంది. బీరు ఇష్టపడేవాళ్ళకు ఏ నగరం గొప్పది, ఆ గొప్పతనం దేన్నిబట్టి తెలుస్తుంది అని ఎవరో పెద్ద వ్యాసం రాశారట. రకరకాల బీరు దొరకాలట, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడిచిపోగలగాలట, తాగుతూ తినడానికి ఆ ఊరిదంటూ ఒక తిండి ఉండాలట, పక్కన ఏరో సముద్రమో ఉంటే మరీ మంచిదట. మన కరీంనగర్‌కు ఎన్ని మార్కులు వేస్తావని నన్ను అడిగింది.

ఆ ప్రశ్న వినగానే నాకు కాలు నిలవలేదు. నిజానికి నా కాలు ఎప్పుడూ నిలవదు. నర్సు ఉద్యోగం పేరు మీద ఆదిలాబాద్ అడవి పక్క ఊళ్ళ నుంచి కరీంనగర్ దాకా ఎన్ని దవాఖానాలు తిరిగానో నాకే లెక్క లేదు, ఇంట్లో నా పెండ్లి మాట ఎత్తినప్పుడల్లా ఇంకో ఊరికి బదిలీ అడిగి పెట్టె సర్దుకున్నానని మా వదిన ఇప్పటికీ దెప్పుతుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం అయిపోయి ఇన్నేళ్ళయినా ఒక సినిమా పూర్తిగా కూర్చుని చూసింది లేదు, ఒక పేరంటంలో తాంబూలం ఇచ్చేదాకా ఆగింది లేదు. ఆ మధ్యాహ్నం కూడా కిటికీ దగ్గరికీ వంటింట్లోకీ మళ్ళీ కిటికీ దగ్గరికీ తిరుగుతుంటే, "కూసో అమ్మమ్మా, తెల్వకపోతే తెల్వదను, గంతేగాని గట్ల తిరుగుతవెందుకు" అంది ఆ పిల్ల.

తెలియకపోవడమేమిటి! పక్కన ఏరు అంటారా, మానేరు డ్యాం ఉంది. తిండి అంటారా, ఉల్లిగడ్డ, పచ్చిమిరప వేసి తాలింపు పెట్టిన శనగ గుడాలు, వేడివేడి సర్వపిండి ఉండగా ఇంకే ఊరి తిండితోనూ మనకు పని లేదు. నడక సంగతి మాత్రం వదిలేయాలి, మే నెలలో ఈ ఊళ్ళో మధ్యాహ్నం పూట నడిచేవాడికి బీరు కాదు, సెలైన్ పెట్టాలి. కానీ ఆ వ్యాసం రాసినవాళ్ళకు తట్టని సంగతి ఒకటుంది. ఆ బీరును ఎవరు కుర్చీలో కూర్చుని తాగొచ్చు, ఎవరు దాక్కుని తాగాలి? అది రాయకుండా ఎన్ని రాస్తే ఏం లాభం, చిరాకేసింది నాకు. ఆ చిరాకులోనే మా వదిన గుర్తుకొచ్చింది, వదిన వెంట ఆ ఆకుపచ్చ పర్దా గుర్తుకొచ్చింది.

నా ఈడువాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు, మన చిన్నప్పుడు తాగడం అంటే కల్లే. పెద్దపల్లి దగ్గర మా ఊళ్ళో చెరువు కట్ట దిగితే ఈతచెట్లు, నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా అంటిన బురదతోనే అక్కడికి పోయి కూర్చునేవాళ్ళు, అరక విప్పి వచ్చిన మగవాళ్ళూ అక్కడే కూర్చునేవాళ్ళు, కల్లు గీసే గౌడు ముంతలు తెచ్చి మధ్యలో పెట్టేవాడు. మా అమ్మానాన్నలు, అంటే మా అవ్వ, బాపు, ఎదురెదురుగా కూర్చుని ఆకు దొప్పల్లో తాగుతుంటే మేము పిల్లలం గుడాల కోసం వాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళం. అందులో దాపరికం ఉందని మాకు తెలియదు, ఎందుకంటే లేదు. మా ఇంట్లో ఒక పద్ధతి మాత్రం ఉండేది, ఎవరి దొప్పలో వాళ్ళు పోసుకోకూడదు. భూమికి రెండు చుక్కలు వదిలాక, పక్కన ఉన్న మనిషి ముంత ఎత్తి పోస్తేనే తాగాలి. పొద్దంతా అవ్వతో పోట్లాడిన రోజు కూడా బాపు సాయంత్రం ముంత అందుకుని ఆమె దొప్ప వైపు వంచేవాడు, అంతటితో ఆ పోట్లాట తెగిపోయినట్టే, అవ్వ ఇంకొక్క మాట అనేది కాదు. మా అన్న కూడా ఆ పద్ధతిలోనే పెరిగాడు, ఇది గుర్తుంచుకోవాలి.

అన్నకు గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో ఉద్యోగం వచ్చింది, కంపెనీ క్వార్టర్ ఇచ్చారు, ఆదిలాబాద్ వైపు పిల్లను చేసుకున్నాడు. ఆమే మా వదిన. మాటలో అక్కడక్కడా మరాఠీ దొర్లేది, నవ్వు మాత్రం క్వార్టర్ల వరుస చివరి ఇంటిదాకా వినపడేది. నేను ఆదిలాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి, సెలవు దొరికితే చాలు బస్సెక్కి వాళ్ళింటికి పోయేదాన్ని. ఆ క్వార్టర్‌లోనే నేను మొదటిసారి బీరు చూశాను. అన్న టిఫిన్ సంచిలో తువాల చుట్టి తెచ్చిన సీసాలను తడి గోనెలో పెట్టి, నీళ్ళ రంజన్ పక్కన ఇసుకలో పాతేవాడు, పొద్దువాలే వేళకు అవి చల్లబడితే స్నేహితులతో ముందుగదిలో కూర్చునేవాడు. మాకు వంటింట్లోకి ఒక సీసా పంపేవాడు, అంత మాత్రం మంచివాడే. కానీ వంటింటి తలుపు దగ్గరగా వేసి పంపేవాడు.

మేము ఆ తలుపు వెనక, పొయ్యి వేడికి చెమటలు కారుతుంటే, స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్ళం. స్టీలు గ్లాసయితే ఎవరైనా తొంగిచూసినా మజ్జిగ అనుకుంటారని అన్న ఆలోచన. మొదటి గుక్క నాకు వేపాకు కషాయంలా ఉంది, రెండో గుక్కకు ఆ రోజంతా ఒంట్లో నిండిన ఎండ దిగిపోయింది, మూడో గుక్కకు నేనూ వదినా ఎందుకో తెలియకుండా నవ్వుకున్నాం. వదినకు మాత్రం ఆ స్టీలు గ్లాసు చూస్తే ఒళ్ళు మండేది. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "పిల్లా, ఒక్కసారన్న మగోళ్ళ లెక్క ఫ్యాను కింద కుర్సీల కూసొని, గాజు గ్లాసుల తాగాలె. రంగన్న కనవడది ఇందుల" అనేది. అదేమీ పెద్ద కోరిక కాదు. ఆమె నగ అడగలేదు, చీర అడగలేదు. మా అవ్వ ఈతచెట్ల కింద ఏ కోరికా లేకుండానే అనుభవించింది, మా వదిన ఫ్యాను, కరెంటు, పక్కా ఇల్లు వచ్చాక అడుక్కోవలసి వచ్చిందని నాకు లోపల రగిలేది. ఊరి కల్లు దగ్గర అందరూ కలిసి కూర్చున్న మనుషులే, టౌనుకు వచ్చి బీరు పట్టేసరికి తలుపులు వేసుకోవడం ఎక్కడ నేర్చుకున్నారో!

కొన్నేళ్ళకు నేను బదిలీ మీద కరీంనగర్ వచ్చాను. వదినకు కళ్ళు మసకబారుతున్నాయంటే ఇక్కడి కంటి దవాఖానాలో చూపిద్దామని కబురు పంపాను. అన్న వెంట రావలసింది, చివరి నిమిషంలో డ్యూటీ ఉందన్నాడు, వదిన ఒక్కతే బస్సు దిగింది. అక్కడ ఆమె కళ్ళలో చుక్కల మందు వేశారు, కాసేపు అంతా మసకమసకగా కనపడుతుందన్నారు, అనుకున్నదానికంటే తొందరగా పని అయిపోయింది. బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, మందు పడిన కళ్ళకు వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటుంటే ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని నా చేయి పట్టుకుని నడుస్తోంది. బస్టాండుకు ఎదురుగా మేడ మీద ఒక బారు, దాని బోర్డు కింద చిన్న అక్షరాలతో ఫ్యామిలీ రూం కలదు అని రాసి ఉంది. నేను ఊరికే చదివాను. వదిన ఆగిపోయింది.

మెట్లెక్కాం. నా గుండె దడ ఇప్పటికీ గుర్తే, ఆపరేషన్ థియేటర్‌లో కూడా అంత దడ ఎప్పుడూ లేదు. పైన హాలు నిండా మగవాళ్ళు, అందరి తలల మీదా ఫ్యాన్లు. అక్కడ వడ్డించే ఆయన గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దమనిషి, మమ్మల్ని చూసి కంగారుగా ఎదురొచ్చి, "అమ్మా, ఫ్యామిలీ ఏడున్నరు? మగోళ్ళు ఎనక వస్తున్నరా?" అని అడిగాడు. కళ్ళు సరిగా కనపడక ఆయన భుజం వైపు చూస్తూ, "మరి మేమేంది, ఫ్యామిలీ కామా?" అంది వదిన. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సహీ మాట" అని గోడవారగా మమ్మల్ని తీసుకుపోయి, మూలన ఒక ఆకుపచ్చ పర్దా పక్కకు లాగి లోపల కూర్చోబెట్టాడు. ఫ్యామిలీ రూం అంటే అదీ, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూసిన కిటికీ. ఫ్యాను లేదు. కాసేపటికి ఆయన మూత పెట్టిన స్టీలు జగ్గు, రెండు స్టీలు గ్లాసులు పట్టుకొచ్చాడు.

వదిన మొహం చూస్తే నాకు జాలి వేసింది, మా వంటింట్లోంచి బయలుదేరి బస్సెక్కి మెట్లెక్కి మళ్ళీ వంటింట్లోకే వచ్చినట్టయింది ఆమెకు. కానీ ఆమె ఊరుకునే మనిషి కాదు. "గివి కొంచవొయ్యి, గాజు గ్లాసులు, సీసా తే. జర చల్లగున్నది సూడు" అంది. పాపం ఆయన తెచ్చాడు. వదిన గ్లాసును మసక కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. ఉక్కపోత మాత్రం భరించలేకుండా ఉంది, పర్దా గాలిని కూడా రానివ్వడం లేదు. ఎవరేమనుకుంటే నాకేమని గొణుక్కుంటూ వదిన చేయి చాపి ఆ పర్దాను ఒక్క లాగు లాగింది, రింగులు కర్రున చప్పుడు చేస్తూ ఆ చివరికి పోయాయి.

హాలంతా ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు మాత్రం వినపడుతోంది. అందరూ మా వైపే చూస్తున్నారు, వాళ్ళలో మూడో బల్ల దగ్గర, ఇద్దరు స్నేహితుల మధ్య, చేతిలో గ్లాసుతో మా అన్న ఉన్నాడు. వదినకు మనుషులు ఆకారాలుగా తప్ప కనపడడం లేదు కదా, ఆమె హాలు వైపు తిరిగి నిమ్మళంగా నవ్వుతూ, "ఎవలో మన దిక్కే జూస్తుండు పిల్లా. గాయిన కూసున్న తీరు అచ్చం మీ అన్న లెక్కనే ఉన్నది" అంది. ఆ నవ్వు ఎప్పటిలాగే గట్టిగానే ఉంది. అన్న లేచి నిలబడ్డాడు. పోట్లాడతాడో, మెట్లు దిగి పోతాడో అని నేను కుర్చీ అంచుకు జరిగి ఇద్దరికీ మధ్య దూకడానికి సిద్ధంగా ఉన్నాను. అన్న గ్లాసు పట్టుకునే నడిచి వచ్చాడు, లోపలికి వచ్చి, తన వెనక పర్దా మళ్ళీ లాగేశాడు, వదిన పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఆమెకు చెమట వాసనో గొంతు సవరింపో పట్టి మనిషెవరో తెలిసిపోయింది.

తిట్టడానికి ఆయనకు నోరు లేదు, డ్యూటీ అన్న మనిషి బారులో దొరికాడు. అడగడానికి మాకూ నోరు లేదు. వదిన సీసా కోసం తడుముకుంటూ తన గ్లాసులో తానే పోసుకోబోయింది. అన్న ఆ సీసాను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. గ్లాసు వంచి పట్టుకుని మెల్లగా పోస్తూ, "గట్ల నిట్టనిలువు వోస్తే నురుగే మిగుల్తది. గ్లాసు వంచాలె" అన్నాడు. భూమికి రెండు చుక్కలు వదిలే వీలు లేదు, గచ్చునేల, అయినా వేలు ముంచి విదిలించాడు. నేను బాపును చూసినట్టే చూశాను ఆయన్ని. తర్వాత చాలా రోజులకు చెప్పాడు, మనసు ఒప్పక ఇంకొకరితో షిఫ్టు మార్చుకుని వెనక బస్సులో వచ్చానని, దవాఖానాలో వెతికితే మేము అప్పటికే వెళ్ళిపోయామని, ఏం చేయాలో తోచక స్నేహితులతో అక్కడికి ఎక్కానని. వదిన ఆ మాట చచ్చినా నమ్మలేదు. నేను సగం నమ్మాను.

అక్కడి నుంచి అదో అలవాటయింది. కళ్ళ పరీక్షకు వచ్చినప్పుడల్లా, తర్వాత పరీక్ష లేకపోయినా, ముగ్గురం ఆ మేడ ఎక్కేవాళ్ళం. అన్న ముందు హాల్లో స్నేహితులతోనో ఒక్కడేనో కూర్చునేవాడు, మేము పర్దా వెనక్కి పోయేవాళ్ళం, కొంతసేపటికి ఆయన గ్లాసుతో లేచి లోపలికి వచ్చేవాడు. ఇంట్లో వదినతో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి, అక్కడ బాయి కింద పనుల గురించి, తనకు వచ్చే కలల గురించి కూడా చెప్పేవాడు. నాకు మాత్రం అదేమీ ఆనలేదు. అయిదు నిమిషాలు కూర్చుంటే లేచి పర్దా సందులోంచి హాలు చూసి వచ్చేదాన్ని, ఆ ఫ్యాన్లు చూస్తే కోపం తన్నుకొచ్చేది. ఒక్క రోజు, ఒక్క గ్లాసు, భార్యను బయట కుర్చీలో కూర్చోబెడితే నీ సొమ్మేం పోతుందని అన్నతో ఎన్నిసార్లు గొడవపడ్డానో! ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట, "మంది జూస్తరే." ఆ మంది ఎవరో, వాళ్ళు చూస్తే ఏం ఊడిపడుతుందో ఆయన చెప్పలేదు. బాయి కింద పైకప్పు మీద పడుతుందన్నా జంకని మనిషి, నలుగురు తాగుబోతులు చూస్తారంటే జంకాడు. రిటైరయ్యాడు, పెద్దపల్లిలో ఇల్లు కట్టాడు, కొడుక్కు పెండ్లి చేశాడు, చివరికి ఆ ఒక్క కోరిక తీర్చకుండానే పోయాడు. ఆ మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఇదంతా విని మనుమరాలు లేచి కూర్చుంది. డ్యాం వైపు కొత్తగా ఒకటి తెరిచారట, కుళాయి తిప్పితే బీరు వస్తుందట, తన స్నేహితురాళ్ళు పుట్టినరోజులకు అక్కడికే పోతారట. "నాయినమ్మను పిలుద్దాం అమ్మమ్మా, నేను తీస్కపోత" అంది. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు, బట్టల బీరువా తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాను. శనివారం మధ్యాహ్నం వదిన మోకాళ్ళు పట్టుకుంటూ బస్సు దిగింది, కొత్త చీర కట్టుకుంది, ఈ వయసులో సిగలో మల్లెపూలు పెట్టుకుంది.

హాలు మధ్యలోనే కూర్చోబెట్టింది ఆ పిల్ల. మెత్తటి కుర్చీలు, వణికించే ఏసీ, చుట్టూ బల్లల దగ్గర ఆడపిల్లలు, భార్యాభర్తలు, ఒక బల్ల దగ్గర నా ఈడు ఆడమనిషి కూడా. ఒక్కరు మా వైపు చూడలేదు. గాజు గ్లాసులు వచ్చాయి, నిలువెత్తువి, అంచు దాకా నిండి, పైన వేలెడు తెల్లటి నురుగుతో, లోపల గోధుమ పంట రంగుతో. వదిన కోరింది కోరినట్టు, అన్నీ బల్ల మీదికే వచ్చాయి. గెలిచామని నాకు కేక పెట్టాలనిపించింది. కానీ వదిన గ్లాసు ముట్టడం లేదు. గోడల వైపు చూస్తోంది, మూలల వైపు చూస్తోంది, కుర్చీలో ఇటు జరిగి అటు జరుగుతోంది, ఎప్పుడూ నేను చేసే పని ఆమె చేస్తోంది.

ఏమయింది వదినా, చలేస్తోందా అని అడిగాను. "ఏం లేదు పిల్లా, మంచిగనే ఉన్నది" అంది. మళ్ళీ కాసేపటికి, మనుమరాలు ఫోను వచ్చి బయటికి పోయాక, మెల్లగా అంది, "పర్దా ఉంటే మీ అన్న లేచొస్తుండె."

అన్నేళ్ళూ ఆ పర్దా ఆమెను ఆపిందనే అనుకున్నాను, ఇప్పటికీ అది తప్పు కాదు, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కానీ నేను పర్దా సందులోంచి బయటి ఫ్యాన్లు చూస్తూ నిలబడ్డప్పుడు ఆమె అటు తిరిగి, ఎప్పుడు కదులుతుందా అని ఆ బట్ట వైపు చూస్తూ కూర్చునేదని నాకు తట్టలేదు. ఈ ఊరు ఇప్పుడు ఆ వ్యాసంలో చెప్పినవన్నీ సంపాదించుకుంది, కుర్చీ కూడా ఇచ్చింది, మా అవ్వ కాలం నాటి దాపరికం లేనితనం మళ్ళీ వచ్చింది, అందుకు నాకు సంతోషమే. అయితే గ్లాసులు నింపే తెస్తున్నారు. ఒకరికొకరు పోయడానికి అందులో చోటు లేదు.

వడ్డించే మనిషిని పిలిచి, మూత తీయని సీసా ఒకటి, ఖాళీ గ్లాసు ఒకటి తెమ్మన్నాను. ఇంత మంచి కుళాయి బీరు ఉండగా సీసా ఎందుకు మేడమ్ అన్నాడు, తెమ్మన్నాను. వదిన పక్క కుర్చీలోకి మారి, నా గ్లాసులో వేలు ముంచి నేల మీదికి రెండు చుక్కలు విదిలించి, ఆ ఖాళీ గ్లాసులో ఆమెకు పోశాను. నిట్టనిలువుగా పోసేసరికి నురుగు పొంగి బల్ల మీద పడింది. వదిన నవ్వింది, చుట్టూ నాలుగు బల్లలవాళ్ళు తిరిగి చూసేటంత గట్టిగా. "మీ అన్న జెప్పింది మర్సినవా? గ్లాసు వంచాలె" అంది.

గ్లాసు వంచి మళ్ళీ పోశాను. ఆ రోజు వదిన చాలా నెమ్మదిగా తాగింది. అది ఖాళీ అయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.